మోటారు లేని కెమెరా

రెండు నెలలుగా దీప ఫోనులో కెమెరాల వీడియోలు తప్ప ఇంకేమీ లేవు. హైదరాబాద్ హాస్టల్లో అన్నం తింటూ, బస్సులో కిటికీకి తల ఆనించి, క్లాసులో పుస్తకం చాటున ఫోను పెట్టుకుని, ఎంట్రీ లెవల్ మంచిదా, మిడ్ రేంజ్ మంచిదా అని తేల్చే వీడియోలన్నీ చూసేసింది. చూసినవే మళ్లీ చూసింది. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది. లోకమంతా మిర్రర్‌లెస్ అనే కొత్తరకం కెమెరాల వెంట పడింది కాబట్టి పాతరకం డీఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. గోదావరిఖని చౌరస్తాలో జగదీశ్వర్ షాపులో ఆమె కోసం రెండు పక్కన పెట్టి ఉన్నాయి. చిన్నది ఎంట్రీ లెవల్, పెద్దది మిడ్ రేంజ్. రెండూ ఉత్త బాడీలే, లెన్సు లేదు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన దాంతో పెద్దది కొంటే చెయ్యి ఖాళీ అవుతుంది, చిన్నది కొంటే కొంత మిగులుతుంది.

మనసు మాత్రం ఎప్పుడో పెద్దదాని మీద పడిపోయింది. దుమ్ము చొరకుండా దానికి అంచులన్నీ బిగించి ఉంటాయి. దండెం మీద తెల్లచొక్కా ఆరేలోపు బూడిదరంగు తిరిగే ఊళ్లో అదేం చిన్న విషయం కాదు. అయితే అసలు కారణం దుమ్ము కాదు, లింగమూర్తి కాక దగ్గరున్న పాత లెన్సు.

లింగమూర్తి దీప నాన్నకు సొంత తమ్ముడు. పెళ్లి చేసుకోలేదు, వాళ్ల క్వార్టర్లోనే ఉంటాడు. ముప్పై ఏళ్లు బజార్లో స్టూడియో నడిపాడు. దీప చిన్నప్పుడు బడి వదలగానే అక్కడికే పరుగెత్తేది. ఎర్రబల్బు వెలిగే చీకటి గదిలో స్టూలెక్కి తొట్టిలోకి తొంగి చూస్తుంటే, తెల్లకాగితం మీద ముందు మీసం వచ్చేది, ఆ తర్వాత మెల్లగా మనిషి వచ్చేవాడు. అది ఎన్నిసార్లు చూసినా ఆమెకు విసుగనేదే రాలేదు. వాళ్ల పదకొండో లైను క్వార్టర్లలో ఏ ఇంటి గోడ చూసినా కాక తీసిన ఫొటోనే. బొగ్గుగనిలో కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లు నెత్తిన దీపంతో, రిటైరైనవాళ్లు మెడలో దండతో. ఫోన్లొచ్చాక స్టూడియో మూతపడింది. ఫిల్ము కెమెరా అమ్మేశాడు గానీ లెన్సు మాత్రం అమ్మలేదు, రుమాల్లో చుట్టి బీరువాలో దాచుకున్నాడు. ఇప్పుడు ఆయన కళ్లకు మనుషులు నీడల్లా కనబడతారు తప్ప మొహాలు తెలియవు. దవాఖానలో చేయగలిగిందంతా చేశారు.

ఆ లెన్సు లోపల మోటారు లేదు. అది దానంతటదే ఫోకస్ చెయ్యాలంటే కెమెరా బాడీలో మోటారుండాలి. పెద్దదాంట్లో ఉంది, చిన్నదాంట్లో లేదు. అంతే, దీప లెక్క తేలిపోయింది.

ఆదివారం దాటితే ఎంత మంచి కెమెరా ఉన్నా లాభం లేదు. నెలాఖరుకు లైను మొత్తం ఖాళీ చేయాలి, పాత క్వార్టర్లు కూలగొడతారు. ఒకరికి శ్రీరాంపూర్‌లో ఇల్లు దొరికింది, ఒకరికి రామకృష్ణాపూర్‌లో, ఇంకొకరు కమాన్‌పూర్ దగ్గర సొంతిల్లు కట్టుకున్నారు. అందుకే లైనంతా కలిసి ఒక్క ఫొటో దిగాలనుకున్నారు. నలభై ఏళ్లలో అలాంటి ఫొటో ఒక్కటీ లేదు. ఎప్పుడు నిలబడదామన్నా ఒకరు ఫస్టు షిఫ్టులో ఉంటారు, ఒకరు సెకండు షిఫ్టుకు బయల్దేరుతుంటారు, ఒకరు నైటు షిఫ్టు చేసొచ్చి తలుపేసుకుని పడుకుని ఉంటారు. ఈసారి మాత్రం ఇద్దరు ఆదివారం డబుల్ జీతం డ్యూటీ కూడా వదులుకున్నారు. కాక లెన్సుతోనే ఆ ఫొటో తీయాలని దీప పట్టు.

శనివారం పొద్దున కాకను స్కూటీ వెనక ఎక్కించుకుని షాపుకు తీసుకెళ్లింది. దారంతా ఫోకస్ పాయింట్లని, షట్టరని ఒకటే వాగుడు. కాక వినీ విననట్టు ఊకొడుతూ జేబులో లెన్సును చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

జగదీశ్వర్ లెన్సును పెద్దదానికి బిగించి కాక చేతిలో పెట్టాడు. కాక కుడిచేత్తో కెమెరా పట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఎవరూ చెప్పకుండానే లెన్సు కిందికి వెళ్లి వేళ్లతో రింగు పట్టుకుంది. దీప వంగి బటన్ సగం నొక్కింది. లోపల మోటారు గిర్రుమంది. కాక వేళ్ల మధ్యలోంచి రింగు దానంతటదే తిరిగి ఆగింది.

దీప ఎగిరి గంతెయ్యబోయి, కాక మొహం చూసి ఆగిపోయింది. ఆయన ఎడమచెయ్యి తీసేశాడు. ఇంకొకరి కంచంలో చెయ్యి పెట్టినవాడిలా గబుక్కున తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగున్నది బిడ్డ. దాని పని అదే జేసుకుంటున్నది. ఇదే తీస్కో."

రెండు నెలల్లో చూసిన వీడియోల్లో ఒక్కటి కూడా ఈ సంగతి చెప్పలేదు. ఆ చెయ్యి జేబులోకి ఎందుకు పోయిందో దీపకు బాగానే అర్థమైంది. లెన్సు ఒక్కటి వస్తే చాలా, కాక రానక్కర్లేదా? ఆమె లెన్సు విప్పి చిన్నదానికి పెట్టమంది. జగదీశ్వర్ తల గోక్కున్నాడు.

"దాంట్ల మోటరు లేదని నాకు జెప్పిందే నువ్వు. చేత్తోని తిప్పాలె."

"తిప్పుతం తియ్యన్న."

చిన్నదాన్ని కాకకిచ్చి ఎదురుగా గోడకున్న అద్దాల బీరువాను ఫోకస్ చెయ్యమంది. కాక కంటికి పెట్టుకోలేదు. బీరువా ఎక్కడుందో చేత్తో చూపించమని, అక్కడి దాకా అడుగులేసి వచ్చి, ఎనిమిది ఫీట్లుంటుందన్నాడు. బొటనవేలితో రింగు మీది గీత వెతికి కాస్త తిప్పాడు. ఆ రింగు మీద ఎంత తిప్పితే ఎంత దూరమో ఆ వేళ్లకు ముప్పై ఏళ్ల కింద తెలిసిందే. దీప కెమెరాలోంచి చూసింది. బీరువా తాళంచెవి సందు కూడా స్పష్టంగా కనబడుతోంది.

అవసరమైతే పెద్దదాంట్లో కూడా మోటారు ఆపుకోవచ్చని జగదీశ్వర్ గుర్తు చేశాడు. నిజమే. కానీ పనిచేసే మోటారును ఆపి, కాకా, నువ్వు తిప్పు అనడం ఆయనకు పనివ్వడం కాదు, ఆయన మీద జాలిపడటం. అది కాకకు తెలిసిపోతుంది.

"చిన్నదే ఇయ్యన్న," అంది దీప.

"రెండు నెలల సంది పెద్దది పెద్దదని నా దిమాక్ తిన్నవు గదనే పోరీ," అన్నాడు జగదీశ్వర్.

కాకకు కోపం వచ్చింది. తన గురించే అయితే అలాంటి పిచ్చిపని చెయ్యొద్దన్నాడు, పైసలు పెట్టేదేదో మంచిదానికి పెట్టుకోమన్నాడు. పెద్దది మెడకు బరువని దీప సాకు చెప్పింది. ఆయన నమ్మలేదు. అప్పుడు ఉన్న మాటే చెప్పింది.

"కాకా, నాకు చేత్తోని ఫోకస్ జేసుడు రాదు. రేపు నువ్వు రాకుంటే ఫొటో రాదు. నిజంగనే రాదు."

మిగిలిన డబ్బుకు మంచి లెన్సు ఇస్తానని జగదీశ్వర్ ఆశపెట్టాడు. తర్వాత చూద్దామంది.

ఆదివారం నాలుగింటికి మబ్బుపట్టింది. లైను ముందు బెంచీలు, కుర్చీలు, వాటి వెనక మంచాలు వేశారు. అందరికంటే పెద్దదైన ఐలవ్వను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. కాక ఉతికిన చొక్కా వేసుకుని ఆమె కుర్చీ దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి పదో అడుగు మీద ఆగాడు. అక్కడ దీపను నిలబెట్టి రింగు తిప్పాడు.

"ఇరవై ఫీట్లు. ఇగ కొట్టు."

దీప ఐలవ్వ మొహం మీద గురి పెట్టింది. ఫోకస్ కుదిరితే మూలన పచ్చచుక్క వెలగాలి. వెలగలేదు. కాకకు చెప్పాలా, చెప్పకుండా తనే రింగు కొంచెం తిప్పుకోవాలా? తిప్పితే ఆయనకు తెలియదు కూడా. కానీ చెప్పింది.

"కాకా, కుదురుతలేదు."

కాక కదలకుండానే గొంతు పెంచాడు.

"ఐలవ్వా, కుర్చీ ముందటికి జరిపినవా?"

"ఏం జేతునురా, ఈ పోశం మోకాళ్లు నా ఈపుల గుచ్చవట్టె!"

లైనంతా గొల్లుమంది. పోశం మోకాళ్లు ముడుచుకున్నాడు, ఇద్దరు కలిసి ఐలవ్వను కుర్చీతో సహా వెనక్కి జరిపారు. పచ్చచుక్క వెలిగింది. నవ్వులు ఆగకముందే దీప నొక్కేసింది.

అందరూ వచ్చి కెమెరా వెనక స్క్రీను మీద పడ్డారు. ఎవరి మొహం వాళ్లు చూసుకున్నారు, ఫోన్లకు పంపమన్నారు, మంచాలు మోసుకుంటూ లోపలికి వెళ్లారు. కాక అరుగు మీద కూర్చున్నాడు. దీప వెళ్లి పక్కన కూర్చుంది.

"ఎడమదిక్కు నుంచి జెప్పు," అన్నాడు.

ఆమె స్క్రీను పెద్దది చేసుకుని, వేలితో జరుపుతూ ఒక్కొక్కరినీ చెప్పసాగింది. ఎవరు ఏ చొక్కా, ఎవరి చంకలో ఎవరి పిల్ల, ఎవరు కళ్లు మూశారు. ఆయన మధ్యలో ఆపి, వాళ్ల నాన్న కూడా అట్లనే మూసేటోడన్నాడు, ఆ ఇంట్లో ముందు ఎవరుండేవాళ్లో చెప్పాడు. వెనక వరుసలో సదయ్య దగ్గరికి వచ్చారు.

"ఆయన పక్కపొంటి?"

"ఎవ్వలు లేరు కాకా. ఒక మనిషి పట్టేటంత జాగ ఉన్నది."

"ఆయన దోస్తు గట్టయ్య జాగ అది. కాలంజేసి మూడేండ్లాయె, సదయ్య ఇంక జరగలే," అన్నాడు కాక. "తర్వాత ఎవలు?"

దీప వేలితో పక్కకు జరిపింది.