కత్తి కింద సువార్త

మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సెలూన్ నడిపేవాడికి ఆ మాత్రం నోరుండాలని ఆయన వాదన. తువ్వాళ్ళు ఉతికేదీ, రాలిన జుట్టు ఊడ్చేదీ నేనే కాబట్టి ఆ కబుర్లన్నీ నా చెవినా పడుతుంటాయి. వానల గురించీ, ధరల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ ఎంతసేపైనా మాట్లాడతాడు. దేవుడి మాట మాత్రం ఎత్తడు.

ఒక ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు, "వారమంతా ఎంతమందితో మాట్లాడతారు! ఒక్కరికైనా యేసయ్య గురించి చెప్పారా?" అని అడిగేసరికి మా ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఈ వారం ఎవరికో ఒకరికి చెప్పి తీరతానని దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. చెప్పండి గానీ మనిషి మీద పడిపోకండి అన్నాను. నా మాట వింటే ఇంక ఆయన మా ఆయన ఎందుకవుతాడు?

ఎంచి ఎంచి డ్రిల్లు మాస్టారిని పట్టుకున్నాడు. మాస్టారు రిటైరై పక్క వీధిలో ఒంటరిగా ఉంటున్నారు. గడ్డం గీయించుకోవడానికి వచ్చి, పేపరంతా చదివి, మా ఆయనతో కాసేపు పోట్లాడి గానీ వెళ్ళరు. తండ్రి లేని మా ఆయనకు ఏ కష్టమొచ్చినా చెప్పుకునే పెద్దదిక్కు ఆయనే. భార్య పోయినప్పటినుంచీ మాత్రం, దేవుడికీ తనకూ మాటల్లేవనేవారు.

ఆ రోజు మాస్టారు కుర్చీలో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకున్నారు. ఒక చెంప అయిపోయింది. మా ఆయన రెండో చెంప వదిలేసి, కత్తి తిన్నగా గొంతు దగ్గరికి తెచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, ఈ క్షణంలో మీ ప్రాణం పోతే ఎక్కడికెళ్తారు?"

నా చేతిలో చీపురు ఆగిపోయింది. మాస్టారు కళ్ళు తెరిచి, ముందు కత్తిని చూశారు, తర్వాత మా ఆయన మొహాన్ని. రెండు వేళ్ళతో కత్తిని మెల్లగా పక్కకు నెట్టి లేచారు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో, మెడలో మా తువ్వాలుతోనే వీధిలోకి నడిచి వెళ్ళిపోయారు.

నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన మొహం చూశాక ఆగింది.

మాస్టారు మళ్ళీ రాలేదు. పేపరు మడత విప్పేవాళ్ళు లేరు. మా ఆయన నోరు మూతపడింది. వచ్చినవాళ్ళకు వచ్చినట్టు జుట్టు కత్తిరించి పంపేస్తున్నాడు. "ఆయనకు దేవుణ్ణి చూపిద్దామనుకున్నాను. ఉన్న ఆ ఒక్క మనిషినీ పోగొట్టుకున్నాను" అన్నాడు ఒక సాయంత్రం. నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. తువ్వాలు తెచ్చుకునే వంక పెట్టి, సామాన్ల పెట్టె ఆయన చేతికిచ్చి, వెంటబెట్టుకుని బయల్దేరాను.

తలుపు తీసిన మాస్టారికి గడ్డం మాసిపోయి ఉంది. ఇంకో సెలూన్‌కి వెళ్ళలేదన్నమాట.

"తప్పయిపోయింది మాస్టారూ" అన్నాడు మా ఆయన గుమ్మంలోనే.

"లోపలికి రావయ్యా. రామ్మా." మమ్మల్ని కూర్చోబెట్టి, తాను మాత్రం కిటికీ దగ్గర నిలబడ్డారు. "కత్తికి భయపడ్డాననుకున్నావా? నా సంగతి వదిలెయ్. మా ఆవిడ ఎక్కడికెళ్ళింది? అది చెప్పు."

పాస్టరుగారి ప్రసంగంలో ముక్క ఏదో ఇప్పుడు అప్పజెప్పేస్తాడని హడలిపోయాను. మా ఆయన సామాన్ల పెట్టె కింద పెట్టాడు.

"తెలీదు మాస్టారూ. తెలిసినట్టు చెప్తే అబద్ధమవుతుంది. నాకు తెలిసింది ఒక్కటే. మా పాప పోయినప్పుడు నాకు ప్రార్థన రాలేదు. పొద్దున్నే షాపు తెరిచి, షట్టరు మళ్ళీ సగం దించుకుని, ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చేవాణ్ణి. దేవుణ్ణి నానా మాటలూ అన్నాను. అయినా ఎవరో పక్కన కూర్చున్నట్టే ఉండేది. నన్ను ఓదార్చలేదు, కోప్పడలేదు. లేచి వెళ్ళిపోనూ లేదు. అది యేసయ్యేనని నా నమ్మకం. మీకు చెప్దామనుకున్నది నిజానికి ఇదే. నోరు తిరగక ఇంకేదో అడిగేశాను."

మా పాప పుట్టిన నెలకే పోయింది. ఈయన కంట చుక్క నీరు రాలేదని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

మాస్టారు కుర్చీ వెలుతురులోకి జరుపుకుని కూర్చున్నారు. "గీయి. నేనేమైనా నానా మాటలూ అంటే అడ్డం రాకు" అని తల వెనక్కి వాల్చారు. మా ఆయన గీస్తూనే ఉన్నాడు, మాస్టారు దేవుణ్ణి తిడుతూ, ఏడుస్తూ, తన భార్య గురించి చెప్తూనే ఉన్నారు. మా ఆయన ఒక్కసారీ అడ్డం రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు వీధి మలుపులో నా కాళ్ళు ఆగిపోయాయి.

"షట్టరు దించుకుని ఏడ్చేవారా? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు మళ్ళీ ఏడుస్తావని."

"ఏడుస్తాను" అన్నాను. "చెప్పండి."