ఏడో నంబరు కుక్కవామింట

నలభై మొక్కల్లో ఏడో నంబరు ఒక్కటే మాయమైంది!

పరిశోధకురాలు మడిలోనే కూలబడింది. మొక్కని వేరుతో సహా పెకలించిన గుంట, పక్కన ఇంకా ఆరని మట్టి. ఎవరో ఏరికోరి దాన్నే పట్టుకుపోయారు.

చూసేవాళ్లకది వట్టి కుక్కవామింట. వానపడితే గోడవారన, రోడ్డుపక్కన ఎక్కడపడితే అక్కడ మొలిచి, పసుపు పూలు పూసి, ఏడాది తిరక్కుండానే ఎండిపోయే కలుపు. ఒళ్లంతా జిగురు, ముట్టుకుంటే ఘాటు వాసన. ఆమెకు మాత్రం ఏడో నంబరు మూడేళ్ల కష్టం. దాని గింజల్లో మిగతావాటికి రెట్టింపు నూనె. ల్యాబు కుండీల్లోంచి ఈ ఏడే తోటలోకి దించింది. కాయలు పండాయి. ఇవాళ కోయకపోతే చిట్లి గింజలన్నీ నేలపాలు!

"గేటు మూయండి! ఎవరూ బయటికెళ్లొద్దు!"

వాచ్‌మన్, ట్రాక్టర్ డ్రైవరు, తోట మేస్త్రి పరుగున వచ్చారు. మేస్త్రి ఆమెకు స్వయానా మేనమామ. ముప్పైయేళ్లుగా ఆ తోటలో కలుపుకు నిలువనీడ లేకుండా చేసిన మనిషి.

"చేతులు చూపించండి. దాన్ని పీకినవాడికి జిగురు అంటుకునే ఉంటుంది. సబ్బుకి ఓ పట్టాన వదలదు."

"నాకు గ్రీజు తప్ప ఇంకేం అంటదు మేడమ్," అన్నాడు డ్రైవరు.

"నేనైతే పొద్దుట్నుంచి కుర్చీలోంచి లేస్తే ఒట్టు!" అన్నాడు వాచ్‌మన్.

"అది గొప్పనుకుని చెబుతున్నావా?" డ్రైవరు దెప్పాడు.

"ఆపండి! మావయ్యా, నువ్వు?"

మేస్త్రి జేబులోంచి చెయ్యి తీశాడు. చేతికి అతుక్కుని జేబు గుడ్డ కూడా బయటికొచ్చింది.



"అలా చూస్తావేంటే? పొద్దున కలుపు తీశాను. నా పనే అది! నీ నంబర్లు నాకేం తెలుసు?"

"కనపడాలనే కదా మావయ్యా, దానికి ఎర్రదారం కట్టాను!"

మేస్త్రి మొహం పాలిపోయింది. గడియారం చూసుకున్నాడు. పది దాటింది. ఒక్క ఉదుటున పరుగందుకున్నాడు.

"పారిపోతున్నాడు, పట్టుకోండి!" వాచ్‌మన్ అరిచాడు.

ముగ్గురూ వెంటపడ్డారు. మేస్త్రి గేటు వైపు వెళ్లలేదు. రోజూ పదింటికి అంటించే చెత్త బట్టీ తోట చివర అప్పుడే రాజుకుంటోంది. ఇనప కొక్కెం లోపలికి దూర్చి ఓ గోనెసంచిని బయటికి లాగాడు. సంచి మూల అప్పటికే అంటుకుంది. చెప్పుకాళ్లతో తొక్కి ఆర్పేశాడు.

ఆమె ముడి విప్పింది. సన్నటి పొడవాటి కాయలు, కొన్ని చిట్లినవి. సంచి అడుగున నల్లటి గింజలు!

"ఉన్నాయి! మావయ్యా, గింజలున్నాయి!"

మేస్త్రి నేలమీద చతికిలబడ్డాడు. ఆయాసపడుతూ అన్నాడు:

"నేనే పీకానే తల్లీ. మన తోటలో ఎర్రదారం ఎందుకు కడతారో నీకెవరూ చెప్పలేదా? వేరే జాతి కలిసినదానికి కడతారు. అది కనపడితే నేను పీకెయ్యాలి. ముప్పైయేళ్లుగా అదే పద్ధతి. నీ మడిలో ఒక్కదానికే దారం ఉంది. మా మేనకోడలు కలుపులో కూడా కలుపు ఏరుతోందని మురిసిపోతూ పీకాను. కాయలున్న కలుపు రాలితే వచ్చే ఏడు తోటంతా మొలుస్తుందని సంచిలో వేసి, మూతి బిగించి, బట్టీలో పెట్టొచ్చాను. ఒక్క గింజ కిందపడనివ్వలేదే! నీ కొంప ముంచే పని అంత శ్రద్ధగా చేశాను."