వనజాక్షికి జ్వరం వచ్చిన మధ్యాహ్నం

తోటపల్లి గూడూరు పక్కన రొయ్యలు పెంచే పెంచలకృష్ణకు రోగమంటే మహా భయం. మనుషుల రోగం కాదు, రొయ్యల రోగం. పీతలు పాకకుండా గుంట చుట్టూ వల కట్టాడు, కాకులు వాలకుండా పైన దారాలు లాగాడు. పక్క గుంట దగ్గర నుంచి వచ్చినవాడు ఎంతటివాడైనా సరే, కాళ్ళు మందునీళ్ళలో ముంచనిదే గట్టు ఎక్కనివ్వడు. అలాంటివాడి భార్య వనజాక్షికి రొమ్ములో గడ్డ తేలి, నెల్లూరులో కీమో మొదలయ్యేసరికి గుంట మీది చట్టమంతా ఇంటికొచ్చి కూర్చుంది. గడప దగ్గర సబ్బూ బకెట్టూ. పలకరించడానికి వచ్చిన చుట్టాలందరూ వాకిట్లోనే. తన సొంత చెల్లెలు రోజారమణి తుమ్మిందని వీధిలోంచే పంపేశాడు. ఆమె అలిగి, తెచ్చిన బత్తాయిలు కూడా వెనక్కి పట్టుకుపోయింది.

"నీ మంచికి గదా మే నేను చేసింది?" అన్నాడు భార్యతో.

"బత్తాయిలన్నా తీసుకోని పంపాల్సింది," అంది వనజాక్షి. జుట్టు పోయింది గానీ నోరెక్కడికి పోతుంది!

రెండో విడత మందు ఎక్కించుకుని వచ్చి వారం దాటాక, ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే వెన్నులో చలి పాకింది. బయట ఎండ మండిపోతోంది, ఆమెకేమో దుప్పటి కావాలనిపించింది. థర్మామీటరు పెట్టుకుని చూస్తే నూటొకటి. డాక్టరమ్మ ముందే వేలు చూపించి మరీ చెప్పింది: "ఈ రోజుల్లో నీ ఒంట్లో రోగంతో కొట్లాడే కణాలు ఉండవు. జ్వరం నూరు దాటిందా, బిళ్ళ మింగి చూద్దామనుకోవద్దు. ఉన్నపళంగా వచ్చెయ్."

పెంచలకృష్ణ మాత్రం బిళ్ళే తెచ్చాడు. "ఇది వేసుకో. సాయంత్రం దాకా చూద్దాం."

"చూసేది లేదు. పోదాం పద."

"పోతే ఏం చేస్తారు? యాంటీబయాటిక్ ఎక్కిస్తారు." ఆ మాట అనేటప్పుడు అతని గొంతు దిగిపోయింది. రొయ్యలవాళ్ళకి అది బూతుకన్నా హీనం. ఆ మందు ఆనవాలు పరీక్షలో తేలితే విదేశాల్లో కొనేవాడు లోడు లోడంతా వెనక్కి తిప్పేస్తాడు. "ఇప్పటికే ఒళ్ళంతా మందులు. దాని మీద ఇంకా మందా?"

"నన్నేమన్నా ఐసుపెట్టెలో సర్ది ఓడ ఎక్కిస్తావా, వద్దని తిప్పి పంపేదానికి?"

అతనికి నవ్వు రాలేదు. ఆమె కూడా నవ్వడం లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నా గోడ పట్టుకుని లేచింది.

"గుంటలో రోగమొచ్చి రొయ్య పైకి తేలితే సాయంత్రం దాకా చూస్తావా నువ్వు?"

"... చూడను."

"నేను తేలినాననుకో. లే."

బండి తాళాల కోసం వెతుకుతూ అతను నడవాలో తిరుగుతుండగానే, ఆమె మాస్కు కట్టుకుని, ఫైలు చంకన పెట్టుకుని, ఆటో మస్తాన్‌కు ఫోను చేసేసింది.

ఆస్పత్రి వాకిట్లో జనం. చీటీ తీసుకుని కూర్చోమన్నాడు వాచ్‌మన్. "కీమో మనిషిని నాయనా, జ్వరం వచ్చుండాది!" అని ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది వనజాక్షి. ఆ కేకకి లోపలి నుంచి నర్సు అబిగయీలు పరిగెత్తుకొచ్చి, విడిగా ఒక గదిలో పడుకోబెట్టింది. రక్తం తీసి, డాక్టరమ్మ చెప్పినట్టే వెంటనే సెలైనులో యాంటీబయాటిక్ కలిపి ఎక్కించింది.

"రిపోర్టు రాకముందే ఎందుకమ్మా?" అన్నాడు పెంచలకృష్ణ.

"రిపోర్టు వచ్చేదాకా క్రిములు ఆగతాయా అన్నా?"

రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు దాదాపు లేవు. అతను గోడకి జారగిలబడ్డాడు. "ఎవరు తెచ్చి అంటించినారో! గడప కూడా దాటనియ్యలేదే ఒక్కర్నీ."

"ఎవర్నీ తిట్టుకోవద్దన్నా. చాలామందికి వాళ్ళ పేగుల్లో ఉండే క్రిములే లేస్తాయి. నువ్వు గడప కాడ నిలబడి వాటిని ఆపలేవు."

మూడోనాటికి జ్వరం దిగింది, కణాలు మెల్లగా పెరుగుతున్నాయి. "తగ్గింది గదా, ఇంక ఆ మందు..." అని పెంచలకృష్ణ నసిగాడు.

"డాక్టరమ్మ చాలనేదాకా ఎక్కించుకుంటా. నువ్వు పొయ్యి కాఫీ తాగిరా."

డాక్టరమ్మ వచ్చి తర్వాతి కీమో ఒక వారం జరుపుదామంది. వనజాక్షి ముఖం చిన్నబోయింది. "ఈలోపల గడ్డ పెరగదా అమ్మా?"

"ఒక్క వారానికి ఏం కాదు. కణాలు పెరిగేదానికి ఇంజెక్షన్ కూడా ఇస్తాం. నువ్వు బలంగా తిను."

వనజాక్షి పక్క మీద లేచి కూర్చుంది. "సరే అయితే. ఆ రోజు కిటికీ పక్క మంచం నాకే పెట్టండి. పోయినసారి బాత్రూం పక్కనేసి చంపినారు."