గట్టు దాటని మాట

హర్షిణికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మొగుడు తనకి చెప్పకుండా చచ్చిపోతాడని.

జబ్బంటే భయం ఎప్పుడో అరిగిపోయింది. పృథ్వీ మెడలో గడ్డ లింఫోమా క్యాన్సరని తేలింది, కీమో అయింది, మళ్ళీ తిరగబెట్టింది. అప్పుడు విజయవాడ డాక్టరమ్మ కొత్త ఇంజెక్షన్ గురించి చెప్పింది. పదో తరగతితో బడి ఆగిపోయిన హర్షిణి ఆ మాటల్ని తన లెక్కలో అర్థం చేసుకుంది. ఒంట్లో తెల్లకణాలని కాపలావాళ్ళుంటారు. చేపల దొంగ చెరువు కాపలావాడితో చుట్టరికం కలిపినట్టు, క్యాన్సర్ కణం వాళ్ళ భుజం మీద చెయ్యేసి నేనూ మీవాణ్ణే అంటుంది. ఈ మందు ఆ చేతిని తీసేస్తుంది. ఇక కాపలావాళ్ళు దొంగ మీద పడతారు.

"ఒక్కోసారి వాళ్ళు ఇంటివాళ్ళనీ కొడతారమ్మా," అంది డాక్టరమ్మ. "పేగుల్ని, ఊపిరితిత్తుల్ని. విరేచనాలైనా, ఆయాసమొచ్చినా ఆ రోజే ఫోన్ చెయ్యాలి. సొంత వైద్యం వద్దు."

పృథ్వీ బుద్ధిగా తలూపాడు. మందు పడ్డాక గడ్డ కరగడం మొదలుపెట్టింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఒక ఉదయం చంటిపాపకి జ్వరం మందు కోసం హర్షిణి భీమడోలు వెళ్ళింది. మందుల షాపు నాగేశ్వరరావు సీసా అందిస్తూ, "మీ అత్తగారికి విరేచనాలు కట్టాయా అమ్మా? మీ ఆయన మాటిమాటికీ మాత్రలు పట్టుకెళ్తున్నారు," అన్నాడు.

అత్తగారు పొద్దున్నే రెండు పెసరట్లు తిని, మూడోది మాడ్చావని సాధించింది కూడా.

హర్షిణి ఇంటికొచ్చేసరికి పృథ్వీ మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు.

"ఏవండీ, మీ అమ్మగారికి ఎలా ఉంది?"

"అమ్మకేం, బానే ఉంది."

"మరి మాత్రలెవరికి?"

అతను గోడవైపు తిరిగాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు సుందరమ్మ అంది, "అరవకే. నీకు చెబితే కంగారు పడతావని నేనే వద్దన్నాను."

"మీకూ తెలుసన్నమాట, అత్తయ్యా."

"చెబితే ఇంజెక్షన్ ఆపేస్తారే," అన్నాడు పృథ్వీ. "గడ్డ తగ్గుతోంది కదా. ఇది దానంతటదే సర్దుకుంటుంది."

కొల్లేరు చెరువుల మీద బతికే ఇళ్ళలో ఇదొక అలవాటు. చేపకి జబ్బు తగిలితే ఆ మాట గట్టు దాటకూడదు. కొనేవాడికి తెలిస్తే ధర పడిపోతుంది, పక్క చెరువువాడికి తెలిస్తే కాలవలోకి నీళ్ళు వదలనివ్వడు. నోరు మూసుకుని ఏదో మందు చల్లి, చేపల పట్టుబడి అయ్యేదాకా అంతా బాగానే ఉందనాలి. పృథ్వీ చిన్నప్పటినుంచీ నేర్చిన విద్య అదే.

"నేనెవర్నండీ మీకు? చేపలు కొనడానికొచ్చిన లారీవాణ్ణా?" హర్షిణి గొంతు పెంచింది. "ఒంటికి జబ్బొస్తే డాక్టరమ్మ దగ్గర దాస్తారా? అత్తయ్యా, మీరు కన్న కొడుకే కదా. చెరువు కాదు కదా."

పాప బెదిరి ఏడ్చింది. దాన్ని భుజానికెత్తుకునే ఆసుపత్రికి ఫోన్ కలిపి, పృథ్వీ చెవికి పెట్టింది. నర్సు రోజుకెన్నిసార్లని అడిగింది.

"మూడు నాలుగుసార్లండి, అంతే."

సుందరమ్మ గుమ్మం దిగి వచ్చింది. ఫోను దగ్గర మొహం పెట్టి, "అబద్ధమమ్మా. రాత్రంతా లేస్తూనే ఉన్నాడు. నెత్తురు కూడా పడుతోంది," అంది.

జ్వరంతో ఉన్న పాప దగ్గర వేరే గదిలో పడుకుంటున్న హర్షిణికీ నెత్తురు సంగతి అప్పుడే తెలిసింది. వెంటనే బయల్దేరమంది నర్సు.

కారు ఏలూరు దాటాక పృథ్వీ నీరసంగా అడిగాడు, "కోపమా?"

"ముందు బతకండి. తర్వాత చెప్తాను."

ఆసుపత్రిలో చూసి, పేగు వాచి పుండ్లు పడ్డాయన్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే చిల్లు పడేదన్నారు. ప్రస్తుతానికి ఇంజెక్షన్ ఆపి, కాపలావాళ్ళని శాంతపరచడానికి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. గడ్డ సంగతి ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. పృథ్వీ నీళ్ళడిగితే హర్షిణి ఇస్తోంది, మాట్లాడటం లేదు.

ఇది చదివినవాళ్ళు ఒక్క పని చెయ్యండి. మీకు తెలిసినవాళ్ళెవరైనా క్యాన్సర్‌కి ఇలాంటి ఇంజెక్షన్ తీసుకుంటుంటే ఈ రోజే వెళ్ళి చూడండి. ఎలా ఉన్నారని అడగకండి, బానే ఉందంటారు. రాత్రి ఎన్నిసార్లు లేచారో అడగండి. అదే మాట వాళ్ళింట్లోవాళ్ళని పక్కకి పిలిచి ఇంకోసారి అడగండి.