గాలి మార్పు

చేపలకు జబ్బు చేస్తే మా చుట్టుపక్కల నాలుగు వీధుల వాళ్ళూ నన్నే పిలుస్తారు. ‘చేపల డాక్టరమ్మ’ అంటారు. మొదట్లో వెటకారంగా అన్నారు, తరవాత అవసరం పడి అన్నారు, ఇప్పుడు అదే నా పేరైపోయింది. అక్వేరియం కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే తలకెక్కించిన మాట ఒకటుంది: చేప తేడాగా కనబడితే చేపను చూడకు, నీళ్ళు చూడు. నీళ్ళలో ఉప్పెంత, ఆమ్లమెంత, మురికెంత అని చూస్తే జబ్బు దానంతట అదే బయటపడుతుంది. ఆ మాట ఇన్నేళ్ళూ నాకు అన్నం పెట్టింది. మా తమ్ముడి ఇంట్లో మాత్రం నిండా ముంచింది. మునిగింది నేను కాదు, మా మరదలు. ఈరోజు ఆ పిల్ల గోడ పట్టుకుని నడుస్తోందంటే అందులో నా చెయ్యి ఉంది. ఆ సంగతి దాచుకోను.

తమ్ముడూ మరదలూ ఇంట్లోనే చెప్పుల పని చేసేవాళ్ళు. ఫ్యాక్టరీ నుంచి బస్తాల్లో పైతోళ్ళు, అడుగులు వచ్చేవి. వాటిని అతికించి పంపాలి. బస్తాలు మోసుకురావడం, తయారైనవి అప్పజెప్పడం, పెరట్లో కూర్చుని అంచులు చెక్కడం తమ్ముడి వంతు. బంక పని మరదలిది. డబ్బాలో కుంచె ముంచి అడుగుకు పలచగా రాయాలి, కాస్త ఆరనిచ్చి పైతోలును దానిమీద పెట్టి అదమాలి. గీత దాటకుండా రాయడంలో దానంత శుభ్రమైన చెయ్యి ఆ వీధిలోనే లేదు. పొద్దున్న తొమ్మిదింటికి ముందుగదిలో పీట వేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గానీ లేచేది కాదు.

మరదలి పీటకు ఎదురుగానే చేపల తొట్టి. నాలుగడుగుల తొట్టి, వాళ్ళ పెళ్ళికి నేనిచ్చింది. అందులో ఆరు టైగర్ బార్బ్‌లు, ఒక జత గౌరామీలు, ఒక బిచిర్. పక్కన అలమరలో గాజు సీసాలో ఒక ఫైటర్ చేప. బిచిర్ అంటే ఎరగని వాళ్ళ కోసం చెబుతున్నాను: జానెడున్నర పొడుగు, పాములాంటి ఒళ్ళు, వీపు మీద రంపం పళ్ళలా చిన్న చిన్న రెక్కలు. ముందు రెక్కలు ఇసుకకు ఆన్చి నడుస్తున్నట్టు తిరుగుతుంది. దానికి మొప్పలతో పాటు ఊపిరితిత్తులు కూడా ఉంటాయి. ఉన్నట్టుండి నిటారుగా పైకొచ్చి, ఒక గుక్క గాలి పీల్చుకుని, గబుక్కున కిందికి పోతుంది. కొన్న ప్రతివాళ్ళకీ నేను చెప్పే మాట ఇది: “దీన్ని పైకి రానివ్వండి. గాలి అందకపోతే చేప అయ్యుండి కూడా నీళ్ళలో మునిగి చస్తుంది.” కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన నోటికి తెలుసు గానీ నా బుర్రకు తెలియలేదు.

మరదలు ఆ బిచిర్‌ను ‘మామగారు’ అనేది.

“ఏమే, మా నాన్నని చేపని చేశావా?” అని నేను కస్సుమన్నాను.

“వరస కలిపాను వదినా, అంతే. మీరే చూడండి. పొద్దస్తమానం మూల పడుకుని ఉంటాడు. ఉండుండి లేచొచ్చి, నేను పని చేస్తున్నానో లేదో ఓసారి చూసి, గుటకేసి మళ్ళీ వెళ్ళి పడుకుంటాడు. అచ్చం ఆయనే.”

మా నాన్న పోయి ఆరేళ్ళు. కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లతో ఎప్పుడూ అంతే, దెబ్బలాడదామని వెళ్ళి టీ తాగి వచ్చేదాన్ని.

ఒక ఎండాకాలం తొట్టి అద్దాల నిండా పచ్చటి పాచి పట్టింది. ఎంత గీకినా వారం తిరిగేసరికి మళ్ళీ తయారు. చూస్తే కిటికీలోంచి ఎండ సూటిగా తొట్టి మీద పడుతోంది. ఆ గదికున్నది ఆ ఒక్క కిటికీయే. “మూసెయ్యండి,” అన్నాను. ఊరికే అంటే ఈ మొగుడూ పెళ్ళాలు వింటారా? నేనే దగ్గరుండి అట్ట కొలిచి కోయించి, చుట్టూ మేకులు కొట్టించాను. సందుల్లోంచి వెలుతురు వస్తోందని టేపు కూడా వేయించాను. గాలి బుడగల మోటారు గురగురమంటోందని అది తీసేసి, చప్పుడు లేని ఫిల్టరు పెట్టాను. వారంలో పాచి పోయింది. అద్దాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

రెండు నెలలకు ముందు ఫైటర్ పోయింది. సీసాలో వెల్లకిలా తేలింది. ముసలిది అయ్యుంటుందిలే అన్నాను. ఇంకో నెలకు గౌరామీలు ఒకదాని తరవాత ఒకటి పక్కకు ఒరిగి, గిరికీలు కొట్టి పోయాయి. నీళ్ళు పరీక్ష చేశాను. గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు రావాలి, ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు. పసుపే వచ్చింది. ఆ తరవాత బిచిర్ వంతు వచ్చింది. ముందు అస్తమానం పైకి రావడం మొదలెట్టింది. ఆపైన వస్తూ వస్తూ సగంలోనే పక్కకు తూలి పడిపోయేది. చివరికి నడుం కింది భాగం పని చేయడం మానేసింది. ముందు రెక్కలతో నడుస్తుంటే వెనక తోక ఇసుకలో గీత గీసుకుంటూ వచ్చేది.

తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా వెళ్ళాను. ఉప్పు వేశాను, మందు వేశాను, సగం నీళ్ళు తీసి కొత్తవి పోశాను, మేత మార్చాను. ప్రతిసారీ చుక్కలు వేస్తే అదే పసుపు. “నీళ్ళకేం లోపం లేదురా, భేషుగ్గా ఉన్నాయి,” అనేదాన్ని. అక్క చెప్పింది కదా అని వాడు నిశ్చింతగా పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఆ గదిలో అరగంట కూర్చుంటే నాకు తల దిమ్ముగా ఉండేది. బంక వాసన ముక్కుకు తగిలేది. అయినా నా కొట్లో చేపల మేత కంపు కొట్టదా, ఎవరి పని వాసన వాళ్ళది అనుకునేదాన్ని.

ఒకరోజు మరదలు టీ తెచ్చి ఇవ్వబోతే గ్లాసు నా ఒళ్ళోనే పడింది. అప్పటికి ఆ నెలలో అది నాలుగోసారో అయిదోసారో.

“చేతికి నూనె రాసుకుని తిరుగుతావేమే?” అని చీర దులుపుకుంటూ కిందికి చూశాను. దాని ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది వంటగది గడపలో పడి ఉంది. ఊడిపోయిందన్న సంగతే దానికి తెలియలేదు.

“బాగుందమ్మా! ఊరందరికీ చెప్పులు చేసిపెడతావు, నీ కాలికి మాత్రం చెప్పు నిలవదు,” అన్నాను.

అది పకపకా నవ్వింది. “కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కిపోతున్నాయి వదినా. డాక్టరు దగ్గరికెళ్తే నీరసం అని బలానికి మాత్రలిచ్చాడు. తింటున్నాను కానీ ఏం లాభం లేదు.”

నా ధ్యాసంతా తోక ఈడుస్తున్న చేప మీదే ఉంది.

ఇక లాభం లేదని బిచిర్‌ను కొట్టుకు తీసుకుపోదామనుకున్నాను. కొత్త నీళ్ళకు తట్టుకోలేదేమోనని తమ్ముడి చేత వాళ్ళ తొట్టి నీళ్ళే నాలుగు బకెట్లు తోడించాను. ఫిల్టరులోని స్పాంజీ కూడా వాళ్ళదే కోసి తీసుకున్నాను. బకెట్‌తో గుమ్మం దాటుతుంటే మరదలు గోడ పట్టుకుని లేచి వచ్చింది.

“మామగారిని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?”

“గాలి మార్పుకి,” అన్నాను, వేళాకోళంగా.

“ఆయనకేం, రాజా! మరి నన్నెప్పుడు తీసుకెళ్తారు గాలి మార్పుకి?”

“నువ్వొస్తే ఈ బస్తాలన్నీ ఎవరు అతికిస్తారు, నీ మొగుడా?”

ముగ్గురం నవ్వుకున్నాం. చేపను తీసుకుని నేను వెళ్ళిపోయాను, అది వెనక్కి వెళ్ళి పీట మీద కూర్చుంది.

కొట్లో బిచిర్‌కు నేను ఏ మందూ వేయలేదు. వాళ్ళ నీళ్ళలోనే ఉంచి, తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. వారానికి తూలడం తగ్గింది. మూడు వారాలకు తోక ఆడించింది. ఒకరోజు పొద్దున్న నిటారుగా పైకొచ్చి గుక్క వేసుకుని వెళ్ళిపోయింది. కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించి గొప్పలు చెప్పుకున్నాను. తీసుకెళ్ళి తొట్టిలో వదిలి, “చూశావా నా హస్తవాసి!” అన్నాను. మరదలు చప్పట్లు కొట్టబోయింది. చేతులు ఒకదానికొకటి సరిగ్గా తగల్లేదు.

నెల తిరగకుండానే మళ్ళీ తోక పడిపోయింది.

ఆరోజు మిట్టమధ్యాహ్నం తొట్టి ముందు కూర్చుని ఉన్నాను. చేతిలో గొట్టం, గొట్టంలో మామూలుగా పసుపు. ఒళ్ళు మండిపోయింది. ఇవే నీళ్ళు నా కొట్లోకి వచ్చాయి. ఇవే నీళ్ళలో ఇది బాగుపడింది. మళ్ళీ ఇవే నీళ్ళలో పడిపోయింది. అంటే నీళ్ళు కాదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి గొట్టం పక్కన పెట్టి చేపను చూశాను.

బిచిర్ కిందినుంచి బయల్దేరింది. తూలుతూ, ఒరుగుతూ, ఎలాగో పైకి చేరి నోరు తెరిచింది. గుక్క వేసుకుంది. రాయిలా కిందికి జారింది. దాని చుట్టూ ఆరు బార్బ్‌లు హాయిగా ఈదుతున్నాయి. వాటిలో ఒక్కదానికీ ఏమీ కాలేదు. బార్బ్‌లు గాలికోసం పైకి రావు, నీళ్ళలోనే ఊపిరి తీసుకుంటాయి. ఫైటర్ పైకొస్తుంది. గౌరామీ పైకొస్తుంది. బిచిర్ పైకొస్తుంది. పైకొచ్చి ఈ గది గాలి పీల్చినవన్నీ పోవడమో పడిపోవడమో జరిగింది, పైకి రానివన్నీ బతికే ఉన్నాయి.

నా వెనక టప్‌మని చప్పుడైంది. మరదలి చేతిలోంచి కుంచె జారి పడింది. అది వంగి తీసుకోబోతోంది. వేళ్ళు కుంచె పక్కన నేలను తడుముతున్నాయి, కుంచె మాత్రం అందడం లేదు.

ఆ గదిలో పైగాలి పీల్చి బతికేది ఇంకొకతె ఉంది. అది నా వెనకే పీట మీద కూర్చుని ఉంది, బిచిర్ కన్నా ముందునుంచీ, రోజుకు తొమ్మిది గంటలు.

“లేవే! బయటికి పద!” అని అరిచాను. అది బెదిరిపోయి, “ఏం చేశాను వదినా?” అంది. రెక్క పట్టుకుని వీధిలోకి ఈడ్చుకొచ్చాను. కాళ్ళు దానితో పాటు సరిగ్గా రాలేదు. తిరిగి లోపలికెళ్ళి కిటికీ అట్టను చేతులతోనే పీకాను. మేకు గుచ్చుకుని అరచెయ్యి చీరుకుపోయింది. పెరట్లోంచి తమ్ముడు పరుగున వచ్చాడు.

“అదేంటక్కా, పాచి పడుతుందని నువ్వేగా మూయించావు?”

వాడు దెప్పలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నేను ఆ కిటికీ కిందే కూలబడి ఏడ్చాను.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు మరదలి అరికాలిని పిన్నుతో గుచ్చాడు. “నొప్పి ఉందా?” అన్నాడు. “గుచ్చారా?” అంది అది. ఏం పని చేస్తారని అడిగాడు. చెప్పాం. ఆయన రాస్తున్న కలం ఆగింది.

“ఆ గదికి కిటికీ లేదా?”

తమ్ముడు నా వైపు చూడకుండా నేల చూపులు చూశాడు.

“ఉందండి,” అన్నాను. “నేనే మూయించాను.”

బంకలో కలిపే ద్రావకం ఆవిరై నరాలను తినేసిందని చెప్పాడాయన. పని మానేసినా ఇంకొన్ని నెలలు ముదురుతుందట. ఆ తరవాత కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆరు నెలల ముందే ఆ గదిలోంచి బయటపడి ఉంటే వేరుగా ఉండేదన్నాడు. నేను లెక్క కట్టుకున్నాను. బకెట్‌తో చేపను ఆ గుమ్మం దాటించి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆరోజు మరదలిని కూడా దాటించి ఉంటే ఆ మూడు నెలలైనా మిగిలేవి.

ఇది జరిగి ఏడాది దాటింది. తమ్ముడు గోడౌన్‌లో పనికి కుదిరాడు. పగటిపూట మరదలిని మా కొట్లో దింపి వెళ్తాడు. తలుపు దగ్గర, బయటి గాలి తగిలేచోట దానికి కుర్చీ వేశాను. పక్కనే బిచిర్ తొట్టి. దాని తోక పూర్తిగా నయమైంది. తొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి బాణంలా పోతుంది. మేత వేయడం మరదలి పని. చిటికెడు తీయబోతే గింజలన్నీ వేళ్ళ సందుల్లోంచి బల్ల మీద రాలిపోతాయి. నేను చూడనట్టు సర్దుతాను.

నిన్న బిచిర్ పైకొచ్చి గుక్క వేసుకుని వెళ్ళింది. మరదలు దాన్నే చూస్తూ కూర్చుంది.

“మామగారికి గాలి మార్పు బాగా పడింది వదినా.”

“అవునే.”

“నేనూ వస్తానన్నాను ఆరోజు. మీరు నవ్వారు.”

నన్ను పొడవాలని అన్నట్టు లేదు. నవ్వుతూనే అంది. దానికి నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేది. నాలుగు తిడితే భరించేదాన్ని. నేను కిందికి చూశాను. దాని చెప్పు ఊడి కుర్చీ కింద పడి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, చెప్పు తీసి, ఆ కాలిని నా ఒళ్ళో పెట్టుకుని తొడిగాను. వెనక పట్టీ కూడా బిగించాను.

అది ఇంకా చేప వైపే చూస్తోంది.

“తొడిగారా వదినా?” అని అడిగింది.