మొక్కు తీర్చిన బండగొంతు

ఇటు రా యారిమార్, ఆ పీట లాక్కొని నా పక్కన కూర్చో. దారపు ఉండ ఒళ్లో పెట్టుకో. నేను అరటాకులో పిండి పెట్టి మడుస్తాను, నువ్వు కడుతూ ఉండు. చేతులకు పనుంటే చెవులు బాగా వింటాయి. తెల్లవారితే బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ. మీ తాత గొంతు గురించి మీ అమ్మ నీకు సగమే చెప్పి ఉంటుంది. మిగతా సగం నేను చెబుతాను.

మీ తాత ఎర్మీనియో పుట్టినప్పుడు ఏడవలేదు. ఒళ్లంతా నీలంగా, చడీచప్పుడూ లేకుండా ఉన్నాడట. మంత్రసాని వీపు మీద చరిచింది, కాళ్లు పట్టి తలకిందులుగా ఆడించింది, చల్లని నీళ్లు చల్లింది. ఏం లాభం లేకపోయింది. అప్పుడు మా అత్త లెయోకాదియా మంచం మీద నుంచే గోడకున్న ముగ్గురు రాజుల కొయ్యబొమ్మల వైపు చేతులు చాచి, "తండ్రీ, వీడిచేత ఒక్క కేక వేయించు. ఏటేటా పండుగ ముందు సాయంత్రం నీ రాజుల ముందర పాట పెట్టిస్తాను. గుమ్మంలోకి వచ్చినవాళ్లందరికీ అన్నం పెడతాను" అని మొక్కుకుంది.

ఆ మాట పూర్తవుతూనే పిల్లవాడు కేక వేశాడు. మామూలు కేక కాదు, దొడ్లో మేకలు తాళ్లు తెంపుకున్నాయని చెప్పుకుంటారు. ఆ మేకల సంగతి నేను చూడలేదు గానీ, ఆ గొంతుతో కాపురం చేశాను కాబట్టి నమ్ముతాను.

దేవుడు గొంతు ఇచ్చాడు, శ్రుతి ఇవ్వడం మరిచిపోయాడు. మీ తాత పాడితే రంపంతో పచ్చి కర్ర కోసినట్టు ఉండేది. గుడిలో పాదిరిగారే ఒకసారి భుజం మీద చెయ్యి వేసి, "నాయనా, నువ్వు మనసులో పాడుకో. దేవుడు మనసులో మాట కూడా వింటాడు" అన్నారు. అందుకే మొక్కు పాటకు మా అత్త ఏటా ఏటి అవతల నుంచి ఫిదెన్సియో అనే పేరున్న పాటగాణ్ణి పిలిపించేది. మొదటి పాటలో ఆ ఏడు దేవుడు ఈ ఇంటికి చేసిన మేలు చెప్పాలి. ఇంటివాళ్లు చెబితే ఆయన అప్పటికప్పుడు పది చరణాలు కట్టి పాడేవాడు. అది అయ్యేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు.

ఇప్పుడు చెప్పేది నేను కోడలిగా వచ్చాక మొదటి పండుగ సంగతి. మీ అమ్మ నా కడుపులో ఉంది, నెలలు నిండుతున్నాయి. వానలు పట్టుకున్నాయి చూడు, ఆపకుండా కురిశాయి. మధ్యాహ్నానికి ఏరు ఎర్రగా పొంగింది. వంటంతా సిద్ధమైంది. పచ్చి కందిగింజలు వేసిన అన్నం, కాల్చిన పంది, కొబ్బరిపాల పాయసం, ఇవిగో ఇలాంటి అరటాకు పొట్లాలు. వాకిట్లో జనం నిండిపోయారు. పిల్లలు రాత్రికి కానుకలతో వచ్చే రాజుల గుర్రాలకని గడ్డి కోసుకొచ్చి అట్టపెట్టెల్లో నింపుకుంటున్నారు. పాటగాడొక్కడే లేడు.

ఎర్మీనియో ఏటి దాకా వెళ్లి తడిసి ముద్దై వచ్చాడు.

"అమ్మా, ఫిదెన్సియోగారు అవతలి గట్టున నిలబడి టోపీ ఊపుతున్నారు. గాడిద నీళ్లలో దిగనంటోంది."

"ఆయన్ని దిగమను!"

"ఆయన గాడిద కంటే తెలివైనవాడమ్మా. వెనక్కి వెళ్లిపోయాడు."

అందరూ నవ్వారు గానీ మా అత్త నవ్వలేదు. కుర్చీలో కూలబడి నా కడుపు వైపే చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. పిల్లవాణ్ణి ఇచ్చినందుకు మొక్కిన మొక్కు, ఇంట్లో మరో పురుడు రాబోతుండగా తప్పిపోతే ఎలా అని ఆమె భయం. పైకి నాతో ఒక్కమాటే అంది.

"ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదే తొమాసా."

పక్కింటి ప్రాక్సెదెస్ ఊరుకునే మనిషి కాదు. చేతిలో ఖాళీ పళ్లెం పట్టుకొని, "అయితే మీరే పాడండి లెయోకాదియాగారూ. నా మొగుడికి గాట్లు పెట్టిన సొరబుర్ర గీరి తాళం వేయడం తప్ప పాట కట్టడం రాదు. అదీ తిండి పెడితేనే గీరతాడు" అంది.

మా అత్త లేచి రాజుల ముందు నిలబడింది. "తండ్రీ" అని ఒక్క పదం ఎత్తింది. అంతే, ఏడుపు వచ్చేసింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ ఏడుపే. పిల్లవాడు కేక వేయని ఆ నిమిషం ఆమెకు ఎప్పుడూ గొంతులోనే ఉండిపోయింది. నన్ను పాడమందామంటే, నీ తల్లి నా పక్కటెముకల కింద తన్నుతోంది, మాటకే ఆయాసం.

అప్పుడు ఎర్మీనియో మెల్లగా, "అమ్మా, పోనీ నేను..." అన్నాడు.

"నువ్వా? వద్దు నాయనా! దేవుడికి ఎవరైనా పుచ్చువంకాయ పెడతారా?"

ఆ మాటకు వాకిలంతా గొల్లుమంది. ఎర్మీనియో కూడా నవ్వాడు, అలవాటైన నవ్వు. తల దించుకొని టోపీ పిండుకుంటూ నిలబడ్డాడు. కొత్త కోడలిని, నోరు విప్పకూడదు. కానీ విప్పాను.

"అత్తా, మీరు ఆ రోజు దేవుణ్ణి ఏమడిగారు? ఫిదెన్సియోగారి గొంతు అడిగారా, ఈయన గొంతు అడిగారా? పుచ్చో మంచిదో, కాయించింది ఆ దేవుడే కదా. ఆయన కాయ ఆయనకు పెట్టడానికి మనకు సిగ్గెందుకు?"

మా అత్త నా ముఖం వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. తర్వాత పక్కకు జరిగి రాజుల ముందు చోటిచ్చింది.

"పాడు" అంది.

మీ తాత గొంతు సవరించుకుంటేనే కోళ్లు అటక ఎక్కాయి. ప్రాక్సెదెస్ మొగుడు సొరబుర్ర గీరడం మొదలుపెట్టాడు. ఎర్మీనియో కళ్లు మూసుకొని అందుకున్నాడు.

"కాఫీ తోట పూసింది, తండ్రీ! ఇంటికప్పు మాత్రం కారింది, తండ్రీ! కారినా కూలలేదు, తండ్రీ! పెళ్లాం నన్ను వదల్లేదు, తండ్రీ!"

రాగం ఒక దారి, ఆయన ఒక దారి. అయినా నాలుగు చరణాలు అయ్యాయి. అక్కడ ఆగిపోయాడు. నోరు తెరిచి నిలబడ్డాడు, మాట రావడం లేదు. మా అత్త కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది. చరణాలు పది కాకపోతే మొక్కు తీరదు మరి.

వెనక నుంచి ప్రాక్సెదెస్ అరిచింది. "పొరుగమ్మ నోరు మూయలేదు, తండ్రీ!"

ఎర్మీనియో అదే పాడేశాడు. జనం కేరింతలు కొట్టారు. ఇంకెవరో "ఏరు పొంగినా ఇల్లు ముంచలేదు, తండ్రీ!" అని అందించారు. గడ్డిపెట్టె పట్టుకున్న పిల్లొకతి "మా ఆవు ఈనింది, తండ్రీ!" అంది. సొరబుర్ర గీరేవాడు "ఆకలికి ఆగలేకున్నాం, తండ్రీ!" అన్నాడు. అన్నీ పాడాడు మీ తాత, ఒక్కటీ వదల్లేదు. ఒకరింటి మేలు పాడవలసిన పాటలోకి కొండ మీద ఇళ్లన్నీ వచ్చి చేరాయి.

రెండు చరణాలు మిగిలాయి. ఎవరూ అందివ్వలేదు, అవి ఆయనవేనని అందరికీ తెలిసింది. తల్లి వైపు తిరిగాడు.

"అమ్మ అడిగింది, నువ్విచ్చావు, తండ్రీ! ఇచ్చిన గొంతుతోనే పాడాను, తండ్రీ!"

మా అత్త ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పలేను, రెండూ అనుకో. కొడుకు తలను రెండు చేతులా పట్టుకొని వంచి ముద్దు పెట్టుకుంది. "దేవుడు నిన్ను దీవించాలి" అంది. తర్వాత, "ఇంకోటి పాడు" అంది.

"అయ్యో తల్లీ, ముందు అన్నం!" అని ప్రాక్సెదెస్ పళ్లెం మోగించింది.

మరునాడు ఏరు తగ్గాక ఫిదెన్సియో వచ్చాడు. "నిన్న చీకటి పడే వేళ ఇటు నుంచి అరుపులు వినపడ్డాయి. ఇంకో పందిని కోస్తున్నారేమో అనుకున్నాను" అన్నాడు. సంగతి విని చాలాసేపు నవ్వి, చివరికి టోపీ తీసి రాజులకు దండం పెట్టాడు. "ఇకనుంచి ఈ ఇంట్లో నేను రెండో పాట పాడతాను. మొదటిది నాది కాదు" అన్నాడు. బతికినన్నాళ్లూ అలాగే చేశాడు.

నెల తిరగకుండా మీ అమ్మ పుట్టింది. ఎవరూ చరచనక్కరలేకపోయింది. వస్తూనే వేసిన కేకకు మంత్రసాని చెవులు మూసుకుంది. మా అత్త మాత్రం పగలబడి నవ్వి, "ఇదిగో, వచ్చే ఏటికి పాటగత్తె!" అంది.

ఆ ముడి ఇంకొంచెం బిగించు, ఉడికేటప్పుడు ఊడిపోతుంది. యారిమార్, నీ గొంతు కూడా తాత పోలికే, నవ్వకు. ఈ సాయంత్రం ఐదో చరణం దగ్గర నువ్వు ఆగితే నేను అందిస్తాను. నేను లేని ఏడు ఎవరో ఒకరు అందిస్తారు. ఈ కథ మరిచిపోకు. నీ ఒళ్లో కూర్చొని దారం కట్టే పిల్ల "నాకు పాట రాదు" అన్న రోజున, ఇదే పీట మీద కూర్చొని, ఆ పుచ్చువంకాయ మాటతో సహా, దానికి చెప్పు.