మూడు గీతల స్పిరిట్

కాటాలు బాగుచేసే మనిషికి బరువంటే గౌరవం ఉండాలి. కాటాల మేస్త్రికి మాత్రం పగ ఉండేది. పగలంతా దుకాణంలో గ్రాములు సరిచేసి ఇంటికొచ్చి, కొండకు తీసుకెళ్ళే సంచిలోంచి ఇంకేం తీసేయొచ్చా అని దాని చుట్టూ తిరిగేవాడు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాడు. సబ్బును బొత్తాం అంత చేశాడు. ఒకరోజు దువ్వెన పళ్ళు కూడా సగం తీసేద్దామని కూర్చుంటే, భార్య అతని బట్టతల వంక చూసి, "దానికి అంత కష్టం ఎందుకండీ, దువ్వెనే మానేయండి" అంది.

ఆవిడ కోర్టులో స్టెనో. ఎవరేమన్నా అక్షరం పొల్లు పోకుండా గుర్తుంటుంది. ఆ ఇంట్లో "నేనలా అనలేదే" అని బతికి బట్టకట్టినవాడు లేడు. పోయిన ఏడు కొండ మీద, మేస్త్రి నమ్ముకున్న ఇంధనం బిళ్ళలు తేమకు నానిపోయి వెలగలేదు. చన్నీళ్ళలో కాఫీపొడి కలిపి ఇచ్చాడు. ఆవిడ ఆ గ్లాసును ఒక రాయి మీద జాగ్రత్తగా పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా కొండ దిగిపోయింది. ఈసారి బయల్దేరకముందే షరతు చెప్పింది.

"కొండ మీద పొద్దున ఆరింటికల్లా నా చేతిలో వేడి కాఫీ ఉండాలి. ఉంటే ఏటా వస్తాను. లేదంటే మీ సంచి అటకెక్కుతుంది, మీ ఆదివారాలు చీపురు పాలవుతాయి."

మేస్త్రికి ఏడాది మొత్తం మీద ఉన్న సంబరం ఆ ఒక్క కొండే. అందుకని గుండెలో రాయి పడింది. పైన కట్టెలు ముట్టించడం నిషేధమని అటవీ శాఖవాళ్ళు బోర్డు పెట్టారు. గ్యాసు డబ్బా తీసుకెళ్ళొచ్చు గాని, దాన్ని కాటా మీద పెట్టి అంకె చూడగానే అతని మొహం కందగడ్డ అయింది. చివరికి ఖాళీ కూల్‌డ్రింకు డబ్బా అడుగు కోసి, చుట్టూ సూదితో బెజ్జాలు పొడిచి పొయ్యి చేశాడు. బరువు పదకొండు గ్రాములు. దాన్లో కాస్త స్పిరిట్ పోసి వెలిగిస్తే నీళ్ళు మరుగుతాయి. ఏ స్పిరిట్ అన్నదే మిగిలింది. దాని కోసం మూడు వారాలు మేడ మీద తపస్సు చేశాడు.

మందుల షాపులో ఒళ్ళు రుద్దుకోవడానికి అమ్మే స్పిరిట్ మొదట తెచ్చాడు. పసుప్పచ్చటి మంట వచ్చింది, దానితోపాటు పొగ కూడా వచ్చి గిన్నె అడుగంతా మసి పట్టింది. తోమలేక భుజాలు పడిపోయి, "ఇక ఈ జన్మలో దీని మొహం చూడను" అని ఒట్టేశాడు. తర్వాత రేసు బళ్ళ మెకానిక్ ఒకడు మిథైల్ స్పిరిట్ బ్రహ్మాండంగా మండుతుందన్నాడు. ఆ మాట మామగారి చెవిన పడింది.

మామగారు ఆస్పత్రిలో నలభై ఏళ్ళు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. కూతురి ఇంట్లో ముందు గది ఆయనది, ఆ గదిలో మందుల అలమర ఆయన రాజ్యం.

"మిథైలా? తాగితే కళ్ళు పోతాయి, పీల్చినా మంచిది కాదు. నా గుమ్మం తొక్కనివ్వను. నువ్వు కాటాలు చూసుకో అల్లుడూ, సీసాల సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

పెళ్ళయిన పన్నెండేళ్ళ నుంచీ ఇదే వరస. అల్లుడు చేసిన పనిలో మామగారికి ఏనాడూ కొలత సరిపోలేదు.

ఆఖరికి చెక్క పాలిష్ చేసేవాళ్ళు వాడే స్పిరిట్ దొరికింది. మసి లేదు, వాసన తక్కువ. ఒకటే చిక్కు, ఎండలో దాని మంట కంటికి కనపడదు. ఆరిపోయిందనుకుని వంగి చూసిన మేస్త్రికి మీసం ఎడమ సగం పోయింది. సమానంగా ఉండాలని కుడి సగం కూడా తనే తీసేశాడు. అప్పట్నుంచి కాగితం ముక్క పెట్టి చూసిగాని పొయ్యి జోలికి పోలేదు.

ఒక గిన్నెడు కాఫీకి ఇరవై ఐదు మిల్లీలీటర్లు పడుతుందని తేల్చాడు. మామగారి మెప్పు పొందాలని, పూర్వం ఆస్పత్రిలో మందు సీసాలకు మోతాదు తెలిసేలా అంటించే గీతల కాగితం ఉండేది చూశారూ, అలాంటిదే కత్తిరించి స్పిరిట్ సీసాకు అంటించాడు. సీసాకు ఆరు గీతలు పట్టాయి. తను పోసింది మాత్రం మూడు గీతల వరకే. పొద్దున ఒకసారి, దిగేముందు ఒకసారి, గాలి అడ్డొస్తే ఇంకోసారి. అంతకు మించి చుక్క మోయడం దండగ.

మామగారు ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి తల ఆడించాడు. మేస్త్రికి ఏనుగెక్కినంత సంతోషమైంది. "మండే వస్తువు, నా అలమరలో తాళం కింద ఉండనీ" అని ఆయన అంటే, మహాప్రసాదమని ఇచ్చేశాడు.

ప్రయాణం రోజు మామగారు స్వయంగా సీసాను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు. సంచిని కాటాకు తగిలిస్తే డెబ్భై ఐదు గ్రాములు ఎక్కువ చూపించింది. పెళ్ళాం మొహానికి రాసుకునే క్రీమేదో దూర్చిందనుకున్నాడు. అడుగుదామని నోరు తెరిచాడు. ఆవిడ తలెత్తి చూసింది. నోరు మూసుకుని, తన ఉన్ని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. లెక్క సరిపోయింది.

డాక్టరు నడవమన్నాడన్న వంకతో మామగారు కూడా వచ్చాడు. సాయంత్రానికి పైకి చేరి, తెచ్చుకున్న రొట్టెలు తిని, యాత్రికుల కోసం కట్టిన రాతి గదిలో పడుకున్నారు. టోపీ లేని బట్టతల రాత్రంతా గడ్డకట్టింది.

ఐదున్నరకు మేస్త్రి మసక చీకట్లో పొయ్యిలో స్పిరిట్ పోసి అగ్గిపుల్ల గీశాడు. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. ఇంకోటి గీశాడు, అదీ అంతే. కాగితం ముట్టించి పెడితే అది నాని ఊరుకుంది. ఏడు పుల్లలయ్యాయి. దుప్పట్లోంచి భార్య గొంతు వినపడింది.

"ఐదూ నలభై."

మామగారు వచ్చి పొయ్యిలో వేలు ముంచాడు. వాసన చూశాడు, వేళ్ళ మధ్య రుద్దాడు. "సగానికి సగం నీళ్ళు" అని తీర్పు చెప్పాడు.

మేస్త్రి సీసాను వెలుగులోకి ఎత్తాడు. ఇప్పుడు పోసింది పోగా ఐదో గీత దాకా ఉంది. తను నింపింది మూడు. డెబ్భై ఐదు గ్రాములు ఎక్కడివో అప్పుడు వెలిగింది. కాటా నిజమే చెప్పింది, వినకుండా టోపీ తీసేసింది తను. మామగారి వంక చూశాడు. ఆయన గీతల కాగితం వంకే చూస్తున్నాడు, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నీళ్ళు ఎవరు కలిపారు?" అని అడిగింది స్టెనో.

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన అవకాశం మేస్త్రి నాలుక చివరికి వచ్చి కూర్చుంది. కాని ఆ ముసలాయన మొహం చూసేసరికి అతని ప్రాణం ఒప్పలేదు. "పాలిష్ షాపువాడు కలిపి అమ్మాడేమోలే" అన్నాడు.

"కాదు," అన్నాడు మామగారు. "నేనే. ఆరు గీతలుండి, మందు మూడింటి దాకా ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. వెలితి సీసా నా చేతి మీదుగా ఎప్పుడూ బయటికి పోలేదు." మళ్ళీ తనే, "కాచి చల్లార్చిన నీళ్ళే పోశాను. నలకైనా లేదు" అన్నాడు.

మామగారు కోటు లోపలి జేబులోంచి చిన్న సీసా తీశాడు. మోకాళ్ళకు రాసుకోవడానికి ఒళ్ళు రుద్దే స్పిరిట్‌లో కర్పూరం కలిపి స్వయంగా చేసుకున్నది.

"ఇది మండుతుంది."

"మరి దిగేటప్పుడు మీ మోకాళ్ళో, మావయ్యగారూ?"

"నా మోకాళ్ళు కాఫీ అడగలేదు. నా కూతురు అడిగింది. కానియ్, పొయ్యి తుడువు!"

పొయ్యి తుడిచి, ఆరబెట్టి, కర్పూరం స్పిరిట్ పోసి గీశాడు. ఒక్క పుల్లకే భగ్గుమంది. ఎంత దూరం నుంచైనా కనపడే మంట, దానికి తగ్గ పొగ. ఈ జన్మలో మొహం చూడనని ఒట్టేసిన మసి గిన్నెకు మళ్ళీ పట్టింది. మేస్త్రికి అది ముద్దొచ్చింది. నీళ్ళు తెర్లాయి. ఐదూ యాభై ఎనిమిదికి గ్లాసు భార్య చేతిలో పెట్టాడు.

ఆవిడ ఒక గుక్క తాగింది. మగాళ్ళిద్దరూ ఆవిడ మొహం వంకే చూశారు.

"కాఫీ మోకాళ్ళ వాసనొస్తోంది" అంది.

మేస్త్రి కళ్ళ ముందు అటక కనిపించింది.

"అయినా నేనన్నది వేడి కాఫీ. మంచి కాఫీ అని నేననలేదు." ఇంకో గుక్క తాగి, "నాన్నా, నీ మఫ్లరు ఆయన నెత్తికి చుట్టు. చూడలేకపోతున్నాను" అంది.

దిగేటప్పుడు మామగారు అడుగడుక్కీ అల్లుడి భుజం పట్టుకున్నాడు. దువ్వెన పళ్ళకు ఏడ్చే మనిషి మీద అరవై కిలోలు వాలాయి. మేస్త్రికి బరువనిపించలేదు. కొండ ఇంకాస్త పొడుగుంటే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడే మామగారు ఆ సీసా కడిగి, ఆరబెట్టి, తన చేత్తో మూడు గీతల దాకా పాలిష్ స్పిరిట్ పోశాడు. మూత బిగించి, ఆస్పత్రి అక్షరాలతో చీటీ రాసి అంటించాడు: "వెలితిగానే ఉంచవలెను."

ఆ తర్వాత అలమర ముందు పావుగంట నిలబడ్డాడు, చేతులు రెండూ వెనక్కి గట్టిగా పట్టుకుని.